తెలుగు వికీపీడియా వ్యాసానికి బయటి లింకు చేర్చడం: మొదటి నుంచి చివరిదాకా

వికీపీడియాలో చాలా వ్యాసాల అడుగుకు వెళ్తే, మూలాల కింద "బయటి లింకులు" అని ఒక చిన్న విభాగం ఉంటుంది. అక్కడిదాకా వచ్చే పాఠకులు తక్కువే, కానీ వచ్చినవాళ్ళు వ్యాసం చదివేసి, అది సరిపోక, ఇంకేమైనా దొరుకుతుందా అని చూస్తున్నవాళ్ళు. వాళ్ళను ఎక్కడికి పంపిస్తున్నాం అన్నదే ఈ పనిలో అసలు సంగతి. లింకు ఇచ్చేది పాఠకుడి కోసం. ఆ సైటు నడిపేవాళ్ళు మనకు ఎంత కావలసినవాళ్ళయినా సరే, వాళ్ళ కోసం కాదు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే కింద చెప్పబోయేవాటిలో సగం మీకే తట్టేస్తాయి.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇన్నేళ్ళలో చేరిన లింకుల్లో చక్కగా పనికొచ్చేవి, ఎవరికీ అక్కర్లేనివి, ఎప్పుడో చచ్చిపోయినవి అన్నీ కలగలిసి ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చేసే మొట్టమొదటి మార్పు చాలాసార్లు ఒక లింకు చేర్చడమే అవుతుంది, అది కాసేపటికే మాయమవుతుంది, ఎందుకు తీసేశారో అర్థం కాక వాళ్ళు నొచ్చుకుని మళ్ళీ ఇటు రారు. అలా పోగొట్టుకున్న మనుషులు మనకు చాలామందే ఉన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఉదాహరణకు ఒకే వ్యాసం పట్టుకుందాం: తెలుగు నిఘంటువు కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టి 1884లో లండన్‌లో పోయిన మనిషి కాబట్టి ఈయనకు అధికారిక వెబ్‌సైటు లాంటిది ఉండదు. సినిమా నటుడి వ్యాసమైతే ఒక అధికారిక సైటు, ఒక సినిమా డేటాబేసు పేజీ పెట్టేసి పని అయిపోయిందనుకోవచ్చు. బ్రౌన్ దగ్గర అలా కుదరదు, ఏ లింకు ఎందుకు ఇస్తున్నామో నిజంగా ఆలోచించాలి.

## ముందు ఈ తేడా తెలియాలి: మూలం వేరు, బయటి లింకు వేరు

ఎక్కువ గందరగోళం ఇక్కడే. వ్యాసంలో మీరు రాసిన వాక్యం నిజమని చూపించడానికి ఇచ్చేది మూలం. అది ఆ వాక్యం చివర రెఫ్ ట్యాగుల (<ref>, </ref> అనే గుర్తుల) మధ్య కూర్చుంటుంది, కింద "మూలాలు" విభాగంలో అంకెతో కనిపిస్తుంది. వ్యాసంలో ఏ వాక్యానికీ రుజువుగా కాకుండా, చదవడం అయ్యాక ఇంకా ముందుకు వెళ్ళాలనుకునేవాడికి చూపించేది బయటి లింకు.

బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడని మీరు రాశారనుకోండి, ఆ సంగతి మీకు ఎక్కడ దొరికిందో ఆ పేజీ మూలం. దాన్ని తీసుకెళ్ళి అడుగున బయటి లింకుల్లో పారేస్తే ఏ వాక్యానికి అది ఆధారమో ఎవరికీ తెలియదు, రేపు ఎవరో ఆ వాక్యానికి "ఆధారం చూపాలి" అని మూస (ముందే తయారుగా ఉండి, పేరు రాస్తే పేజీలో వచ్చి కూర్చునే ముక్క) పెడతారు, మీ కష్టం వృథా. అలాగే, మీరు వ్యాసంలో ఒక్క ముక్క కూడా కొత్తగా రాయకుండా పత్రికలో వచ్చిన కథనం లింకు ఒకటి అడుగున పెట్టి వెళ్ళిపోతే, ఆ కథనం వల్ల వ్యాసానికి ఒరిగేదేమీ ఉండదు. అందులో కొత్త సంగతి ఉంటే దాన్ని వ్యాసంలోకి మీ మాటల్లో తీసుకొచ్చి, ఆ కథనాన్ని మూలంగా ఇవ్వండి. కొత్త సంగతే లేకపోతే లింకూ అక్కర్లేదు.

ఒకే పేజీని మూలంగానూ వాడి, బయటి లింకుల్లోనూ పెట్టడం మామూలుగా చెయ్యరు. ఒక్క అధికారిక వెబ్‌సైటు మాత్రం రెండు చోట్లా ఉన్నా ఎవరూ అభ్యంతరపెట్టరు.

ఇంకో సంగతి, వ్యాసం పాఠ్యం మధ్యలో బయటి లింకులు పెట్టకూడదు. "కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం" అని రాసి ఆ పేరునే బయట సైటుకు లింకు చేస్తుంటారు. పాఠ్యంలో నీలం రంగులో కనిపించేవి వికీపీడియా లోపలి పేజీలకు వెళ్ళాలి. ఆ కేంద్రానికి వ్యాసం ఉంటే దానికి లోపలి లింకు ఇవ్వండి, లేకపోతే ఎర్ర లింకుగా, అంటే ఇంకా పుట్టని పేజీకి లింకుగా, వదిలేయండి, ఎప్పుడో ఒకరు రాస్తారు. సంస్థ సైటు ఆ సంస్థ వ్యాసంలో ఉంటుంది.

## ఇవ్వాలా, వద్దా

నేను వేసుకునే ప్రశ్న ఇది: ఈ వ్యాసం రేపు ఎంత బాగా పెరిగినా, ఈ పేజీలో ఉన్నది అందులో ఇమడదు కదా? అవును, ఇమడదు అంటే లింకు ఇవ్వొచ్చు. ఇమిడిపోతుంది అంటే ఆ సమాచారం వ్యాసంలోకే రావాలి.

బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 ముద్రణను చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల సైటులో వెతుక్కునే వీలుతో పెట్టారు. నిఘంటువు మొత్తాన్ని వ్యాసంలో పెట్టలేం కదా. ఉచితం, లాగిన్ అడగదు, పెట్టినది ఒక విశ్వవిద్యాలయం, విషయం నేరుగా బ్రౌన్ చేసిన పనే. ఇంతకంటే మంచి బయటి లింకు ఈ వ్యాసానికి దొరకదు.

తరవాత, పాత పుస్తకాలనూ వెబ్ పేజీలనూ దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవు అనే సైటులో ఉన్న ఆయన పుస్తకాల స్కానులు. ఇవీ పనికొస్తాయి, కాకపోతే ఒక్కో పుస్తకానికి ఒక్కో లింకు వరుసగా పదీ పదిహేనూ పెట్టకండి, ఆయన రచనల జాబితా దొరికే చోటుకు ఒకటి చాలు. ఆంధ్రభారతి సైటులోని నిఘంటు శోధన తెలుగువాళ్ళకు ఎంతో పనికొచ్చేదే, అందులో బ్రౌన్ నిఘంటువుతో పాటు ఇంకా చాలా నిఘంటువులు కలిపి వెతకొచ్చు. కానీ సరిగ్గా ఆ కారణంగానే అది బ్రౌన్ వ్యాసంలో కంటే తెలుగు నిఘంటువుల గురించిన వ్యాసంలో బాగా కుదురుతుంది. మంచి సైటు అయినంత మాత్రాన ప్రతి వ్యాసంలోనూ చోటు ఇవ్వక్కర్లేదు.

బ్రౌన్ జయంతికి ఏటా పత్రికల్లో వచ్చే వ్యాసాలు వద్దు, అవన్నీ దాదాపు ఒకే సంగతులు చెబుతాయి. ఎవరో బ్లాగులో రాసిన పరిచయం కూడా వద్దు. బ్లాగుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన భాషలో ఇది నిజంగా చిక్కు ప్రశ్నే. తెలుగులో స్థానిక చరిత్ర, పాత పత్రికలు, శాసనాల గురించి పుస్తకాల్లో దొరకని సమాచారం బ్లాగుల్లో దొరుకుతుంది. అయినా బ్లాగు అనేది ఎవరూ సరిచూడకుండా ఒకరే రాసుకునేది. ఆ రాసిన మనిషి ఆ రంగంలో పేరున్న పరిశోధకుడై ఉండి, ఆయన పుస్తకాలు, వ్యాసాలు బయట అచ్చై ఉంటే ఆ బ్లాగు ఇవ్వొచ్చు. లేకపోతే, ఆ బ్లాగరు ఎక్కడి నుంచి తీసుకున్నాడో చూసి ఆ అసలు పుస్తకానికి, ఆ అసలు స్కానుకు వెళ్ళండి, చాలాసార్లు దొరుకుతుంది. జాల పత్రికల సంగతి వేరు, 1998 నుంచి వస్తున్న ఈమాట లాంటి వాటిలో సంపాదకులు చూసి వేసిన వ్యాసాలు ఉంటాయి కాబట్టి వాటిని బ్లాగుల కిందికి లెక్కగట్టకండి.

ఇక అసలు ఇవ్వకూడనివి. సరుకు అమ్మే పేజీలు వద్దు, పుస్తకం గురించిన వ్యాసంలో ఆ పుస్తకం కొనే లింకు అయినా సరే. డబ్బు కడితేనో, రిజిస్టరు చేసుకుంటేనో తప్ప తెరుచుకోని పేజీలు పాఠకుడికి ఉపయోగం లేదు, మూలంగా అయితే అలాంటివి వాడొచ్చు గానీ బయటి లింకుగా కాదు. గూగుల్‌లో వెతికిన ఫలితాల పేజీ, యూట్యూబులో వెతికిన ఫలితాల పేజీ వద్దు. ఫేస్‌బుక్ గ్రూపులు, వాట్సాప్, టెలిగ్రామ్ ఆహ్వానాలు వద్దు. ఒక వ్యక్తి గురించిన వ్యాసమైతే అధికారిక సైటు ఒక్కటి చాలు, ఆ సైటులోనే ఆయన ట్విట్టరు, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబు అన్నీ ఉంటాయి కాబట్టి అవి విడివిడిగా పెట్టక్కర్లేదు. సైటు లేనప్పుడు మాత్రం, ఖాయంగా ఆయనదేనని తేలిన ఖాతా ఒకటి ఇవ్వొచ్చు.

గ్రామాల వ్యాసాల్లో ఈ సమస్య మరీ ఎక్కువ. మన వికీలో గ్రామాల వ్యాసాలు వేలల్లో ఉన్నాయి, వాటిని కనిపెట్టుకుని చూసేవాళ్ళు తక్కువ. అందుకని గుడి కమిటీ ఫేస్‌బుక్ పేజీ, ఊరి పక్క వెంచరు వేసిన రియల్ ఎస్టేటు సైటు, పిన్‌కోడుల డైరెక్టరీ ఇవన్నీ అక్కడ తేలిగ్గా చేరిపోతాయి. ఆ డైరెక్టరీ సైట్లు చాలావరకు 2011 జనగణన లెక్కలే ఎత్తి పెట్టి చుట్టూ ప్రకటనలు వేసుకున్నవి. జనగణన పేజీని నేరుగా మూలంగా ఇవ్వండి, అంతే. గూగుల్ మ్యాపు లింకు కూడా వద్దు, ఊరి అక్షాంశ రేఖాంశాలను మూసలో ఇస్తే పాఠకుడు తనకు నచ్చిన మ్యాపులో చూసుకోగలడు.

## కాపీహక్కు: దీని దగ్గర బేరం లేదు

ఒకరి సొత్తును అనుమతి లేకుండా పెట్టిన పేజీకి వికీపీడియా నుంచి లింకు ఇవ్వకూడదు. మనం కాపీ చెయ్యలేదు కదా, లింకే కదా అని వాదిస్తారు. కుదరదు. ఎత్తుకొచ్చిన సరుకు దొరికే చోటుకు దారి చూపించడం కూడా తప్పే.

మన చట్టం ప్రకారం రచయిత బతికుండగానూ, ఆయన పోయాక 60 ఏళ్ళ వరకూ హక్కులు ఉంటాయి. ఆ 60 ఏళ్ళనూ పోయిన ఏడాదికి తరవాతి జనవరి 1 నుంచి లెక్కేస్తారు. అంటే 1960లో పోయిన రచయిత పుస్తకాలు 2021 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. సినిమాకైతే విడుదల నుంచి ఇలాగే 60 ఏళ్ళు. బ్రౌన్ విషయంలో ఈ టెన్షన్ లేదు, ఆయన పోయి శతాబ్దం దాటింది. కానీ ఆయన పుస్తకానికి ఇటీవల ఎవరో రాసిన పీఠిక, ఆయన ఇంగ్లీషు రచనకు ఇప్పటివాళ్ళు చేసిన తెలుగు అనువాదం, ఇవి బ్రౌన్‌వి కావు, వాటికి వేరే హక్కుదారులు ఉంటారు.

ఇంటర్నెట్ ఆర్కైవులో ఉంది కాబట్టి హక్కులు తీరిపోయినట్టే అనుకోకండి. అక్కడ ఎవరైనా అప్‌లోడ్ చెయ్యొచ్చు, బతికున్న రచయితల తెలుగు పుస్తకాలు కూడా అక్కడ కనిపిస్తాయి. రచయిత ఎప్పుడు పోయాడో ముందు చూసుకోండి. యూట్యూబులో సినిమా అయినా అంతే, వీడియో కింద ఛానెల్ పేరు చూడండి. నిర్మాణ సంస్థదో, హక్కులు కొన్న కంపెనీదో అయితే పర్వాలేదు. ఎవరో అభిమాని పెట్టినదైతే వద్దు, మూడేళ్ళ నుంచి ఎవరూ తీయించలేదు అన్నది అనుమతి కిందికి రాదు.

## మీ సొంత సైటు అయితే

మీదో, మీ స్నేహితుడిదో, మీరు పనిచేసే సంస్థదో సైటు ఉంది, అది నిజంగానే ఆ వ్యాసానికి పనికొస్తుంది. మంచిదే. మీరు మాత్రం చేర్చకండి. ఆ వ్యాసం చర్చ పేజీకి వెళ్ళి, ఈ సైటు నాది, ఇందులో ఫలానాది ఉంది, పాఠకులకు పనికొస్తుందనుకుంటున్నాను, చూసి చెప్పండి అని రాయండి. పనికొచ్చేదైతే ఎవరో ఒకరు చేరుస్తారు. ఎవరూ పలకకపోతే, వికీలో అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో ఒకసారి అడగండి.

వికీపీడియాలో లింకు ఉంటే గూగుల్‌లో మన సైటు పైకి వస్తుందని ఇప్పటికీ కొందరికి ఆశ. వికీపీడియాలోని బయటి లింకులన్నిటికీ నోఫాలో అనే గుర్తు ఆటోమేటిగ్గా తగులుతుంది. నా తరఫున ఈ సైటుకు ఓటు వేసినట్టు లెక్కపెట్టుకోవద్దు అని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు అది, 2005లో వాడుకలోకి వచ్చింది. కాబట్టి ఆ లెక్కతో వంద వ్యాసాల్లో లింకులు వేసినా వచ్చేదేమీ లేదు. పైగా ఒకే సైటును చాలా వ్యాసాల్లో వేసుకుంటూ పోతే నిర్వాహకులకు వెంటనే తెలిసిపోతుంది, ఒక సైటుకు వికీలో ఎక్కడెక్కడ లింకులున్నాయో చూపించే ప్రత్యేక పేజీ ఒకటి ఉంది. మితిమీరితే ఆ సైటు నిషేధ జాబితాలోకి ఎక్కుతుంది, ఆ తరవాత ఇంకెవరైనా మంచి ఉద్దేశంతో చేర్చబోయినా పేజీ సేవ్ కాదు. డబ్బు తీసుకుని ఈ పని చేస్తుంటే ఆ సంగతి వాడుకరి పేజీలోనో చర్చ పేజీలోనో దిద్దుబాటు సారాంశంలోనో బయటపెట్టి తీరాలి, 2014 నుంచి వికీమీడియా వాడుక నిబంధనల్లో అది ఉంది.

## చిరునామాను శుభ్రం చెయ్యండి

లింకు పెట్టాలని తేలింది. బ్రౌజరు పైన ఉన్న చిరునామాను కాపీ చేసి అలాగే అతికించకండి, ముందు ఒకసారి చదవండి.

ఫేస్‌బుక్ నుంచో, వాట్సాప్‌లో వచ్చిన మెసేజి నుంచో పేజీ తెరిచి ఉంటే చిరునామాలో ప్రశ్నార్థకం తరవాత పొడుగ్గా ఏదో తోక ఉంటుంది, యూటీఎం (utm) అనో ఎఫ్‌బీసీఎల్‌ఐడీ (fbclid) అనో మొదలయ్యేది. మీరు ఎక్కడి నుంచి వచ్చారో ఆ సైటువాళ్ళు తెలుసుకోవడానికి పెట్టుకున్న తోక అది. దాన్ని కత్తిరించి, మిగిలిన చిరునామాతో పేజీ తెరుచుకుంటోందో లేదో కొత్త ట్యాబులో చూడండి. దాదాపు ఎప్పుడూ తెరుచుకుంటుంది. కానీ ప్రశ్నార్థకం తరవాత ఉన్నదంతా తోకే అనుకోకండి, కొన్ని ప్రభుత్వ సైట్లలో పేజీ సంఖ్య అక్కడే ఉంటుంది, అది కోసేస్తే హోమ్‌పేజీకి పోతుంది. అందుకే తెరిచి చూడమంటున్నది.

పొట్టి చిరునామాలు, అంటే పెద్ద చిరునామాను నాలుగైదు అక్షరాలకు కుదించి ఇచ్చేవి, వికీపీడియా ఒప్పుకోదు. నిషేధ జాబితాలో ఉన్న సైటును దొడ్డిదారిన తేవడానికి వాడుతున్నారని వాటినే ఆపేశారు. పూర్తి చిరునామా ఇవ్వండి. హోమ్‌పేజీ కాకుండా విషయం ఉన్న సరైన పేజీకే ఇవ్వండి, బ్రౌన్ నిఘంటువు చూడాలని నొక్కినవాడు విశ్వవిద్యాలయం ముఖద్వారం దగ్గర తేలకూడదు.

తెలుగు అక్షరాలున్న చిరునామా కాపీ చేస్తే, అతికించేసరికి శాతం గుర్తులు, అంకెలు, అక్షరాలతో రెండు మూడు లైన్ల చిక్కుముడి వస్తుంది. కంగారు పడకండి, పాడవలేదు. అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ తొమ్మిదేసి గుర్తులుగా మారుతుంది, అంతే. అలాగే వదిలేసినా లింకు పనిచేస్తుంది.

## చేర్చడం

విజువల్ ఎడిటరులో, అంటే పేజీ కనిపించేట్టే ఉంచి దిద్దే పద్ధతిలో, అయితే తేలిక. వ్యాసం అడుగున "బయటి లింకులు" విభాగం ఉందో లేదో చూడండి. లేకపోతే, మూలాల తరవాత, వర్గాలకూ అడుగున ఉండే నావిగేషన్ పెట్టెలకూ ముందు, ఆ పేరుతో శీర్షిక పెట్టండి. చిన్న చుక్కల జాబితా మొదలెట్టి, లింకుకు కనిపించాల్సిన పేరు టైపు చేసి, దాన్ని సెలెక్ట్ చేసి, కంట్రోల్ నొక్కి పట్టుకుని కె నొక్కండి. వచ్చిన పెట్టెలో రెండు ట్యాబులుంటాయి, ఒకటి వికీలోని పేజీలకు, రెండోది బయటి సైట్లకు. రెండోదాంట్లో చిరునామా అతికించి సరే అనండి.

వికీటెక్స్టులో, అంటే గుర్తులతో సహా నేరుగా, రాసేవాళ్ళకు నమూనా ఇది:

== బయటి లింకులు ==
* [చిరునామా బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1903 ముద్రణ], చికాగో విశ్వవిద్యాలయం సైటులో

"చిరునామా" అన్నచోట హెచ్‌టీటీపీఎస్‌తో (https) మొదలయ్యే అసలు చిరునామా వస్తుంది. తరవాత ఒక్క ఖాళీ, ఆ తరవాత కనిపించాల్సిన పేరు.

ఇక్కడ తప్పు జరిగేది మూడు చోట్ల. మొదటిది బ్రాకెట్లు, లోపలి లింకుకు రెండేసి చతురస్రపు బ్రాకెట్లు, బయటి లింకుకు ఒక్కోటే. రెండోది నిలువు గీత. లోపలి లింకులో పేజీ పేరుకూ కనిపించే పేరుకూ మధ్య నిలువు గీత అలవాటై, బయటి లింకులో కూడా అదే పెట్టేస్తారు, అప్పుడు ఆ గీత చిరునామాలో భాగమైపోయి పేజీ దొరకలేదని వస్తుంది. ఇక్కడ గీత ఉండదు, ఖాళీయే. మూడోది చిరునామాలోనే ఖాళీ ఉండటం. పీడీఎఫ్ ఫైళ్ళ పేర్లలో ఇది మామూలు. ఆ ఖాళీ దగ్గరే చిరునామా అయిపోయిందని వికీ అనుకుంటుంది, మిగతా ముక్క పేరులో కలిసి కనిపిస్తుంది. ఖాళీ ఉన్నచోట శాతం గుర్తు, దాని పక్కన 20 (%20) పెట్టండి.

పేరు ఇవ్వకుండా బ్రాకెట్లలో చిరునామా ఒక్కటే పెడితే 1 అనే అంకె వస్తుంది, చూసేవాడు మూలం అనుకుంటాడు. ఎప్పుడూ పేరు ఇవ్వండి, "ఇక్కడ నొక్కండి" అని కాకుండా నొక్కితే ఏం వస్తుందో చెప్పే పేరు. పెద్ద పీడీఎఫ్ అయితే ఆ సంగతి పక్కన రాయండి, ఫోన్‌లో చదివేవాడి డేటా గురించి కూడా మనం ఆలోచించాలి. పేజీ తెలుగులో కాకుండా ఇంగ్లీషులో ఉంటే అదీ రాయండి. ఒకే సమాచారం రెండు భాషల్లోనూ దొరుకుతుంటే, మన పాఠకులకు తెలుగు పేజీయే ముందు ఇవ్వాలని నా అభిప్రాయం.

అధికారిక వెబ్‌సైటుకు, సినిమా డేటాబేసులకు మూసలు ఉన్నాయి. వీలున్నచోట మూసే వాడండి. అన్ని భాషల వికీపీడియాలూ వాడుకునే సమాచార నిల్వ వికీడేటాలో అధికారిక వెబ్‌సైటు చిరునామాకు పీ856 (P856) అనే లక్షణం ఉంది, చాలా మూసలు చిరునామాను అక్కడి నుంచే తెచ్చుకుంటాయి కాబట్టి సైటు మారినప్పుడు అక్కడ ఒక్కచోట సరిచేస్తే సరిపోతుంది. మూసలో చిరునామా మీరే ఇస్తుంటే ఒక్క జాగ్రత్త: చిరునామాలో సమానం గుర్తు ఉంటే మూస తికమకపడి లింకు చూపించదు. చిరునామాకు ముందు 1= అని చేరిస్తే సరిపోతుంది.

వికీసోర్స్, కామన్స్, విక్షనరీ లాంటి సోదర ప్రాజెక్టులకు వాటి పెట్టెల మూసలే వాడండి. తెలుగు వికీసోర్స్‌లో పుస్తకం పాఠ్యం ఉంటే, బయట ఎక్కడో ఉన్న స్కాను కంటే దానికే ముందు చోటు.

ప్రచురించే ముందు మునుజూపు (ప్రివ్యూ) చూసి, లింకు మీద నిజంగా నొక్కి చూడండి. సారాంశం పెట్టెలో ఎందుకు చేర్చారో ఒక్క ముక్క రాయండి, "బ్రౌన్ నిఘంటువు, వెతుక్కునే వీలుతో, ఉచితం" అంటే చాలు. సారాంశం లేని లింకును చూసేవాళ్ళు సహజంగానే అనుమానిస్తారు. ఖాతా కొత్తదైతే, లింకు చేర్చినందుకు బొమ్మలో ఉన్న అక్షరాలు టైపు చెయ్యమని అడుగుతుంది. అది అందరికీ ఉండేదే, మీ మీద అనుమానంతో కాదు.

## తీసేస్తే

వ్యాసం చరిత్ర (ఎవరు ఏ మార్పు చేశారో చూపే పేజీ) చూడండి, తీసినవాళ్ళు సారాంశంలో కారణం రాసి ఉంటారు. మళ్ళీ చేర్చెయ్యకండి. మీరు చేర్చడం, వాళ్ళు తిరగ్గొట్టడం, మళ్ళీ మీరు చేర్చడం, ఇలా రెండు రౌండ్లు తిరిగేసరికి అసలు లింకు మంచిదా కాదా అన్న ప్రశ్నే పక్కకు పోతుంది. చర్చ పేజీలో అడగండి, తీసినవారి పేరు ప్రస్తావిస్తే వాళ్ళకు నోటిఫికేషన్ వెళ్తుంది. లింకు ఉంచాలి అనేవాళ్ళే ఎందుకు ఉంచాలో చెప్పాలి, తేలేదాకా అది బయటే ఉంటుంది. తీసేవాళ్ళకూ ఒక మాట: కొత్త వాడుకరి చేర్చిన లింకు తీసేటప్పుడు "స్పామ్" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఆ సైటులోని సంగతిని వ్యాసంలో రాసి మూలంగా ఇవ్వవచ్చని వాళ్ళ చర్చ పేజీలో రెండు వాక్యాలు రాయండి, ఒక రచయిత మిగులుతాడు.

## చచ్చిన లింకులు

చేర్చడంతో పని అయిపోదు. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ సైట్ల లింకులు ముఖ్యంగా తొందరగా పోతుంటాయి. 2014లో రాష్ట్రం విడిపోయింది, 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా మారితే జిల్లా సైటు మారుతుంది, మండలం పేజీ ఇంకో జిల్లా సైటులోకి వెళ్తుంది, పాత చిరునామా పనిచెయ్యదు. పత్రికల ఈ-పేపరు లింకులు ఇంకా అన్యాయం, చాలావాటిలో కొన్నాళ్ళు పోతే పాత సంచికే తెరుచుకోదు.

అందుకని లింకు చేర్చిన రోజే వెబ్ పేజీల పాత ప్రతులు దాచే, ఇంటర్నెట్ ఆర్కైవు వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌కు వెళ్ళి, "పేజీని భద్రపరచు" అనే అర్థం వచ్చే పెట్టెలో చిరునామా అతికించండి. ఒక ప్రతి తీసి దాచుకుంటుంది. దాని చిరునామాలో 14 అంకెల సంఖ్య ఉంటుంది, అందులో మొదటి నాలుగు ఏడాది, తరవాత రెండు నెల, ఆ తరవాత రెండు తేదీ, మిగతావి గంటలు, నిమిషాలు, సెకన్లు. పాత లింకుకు ప్రతి వెతికేటప్పుడు ఈ అంకెలు చదవడం వస్తే పని తొందరగా అవుతుంది, పేజీ బతికున్న రోజుల నాటి ప్రతినే ఎంచుకోవచ్చు, "ఈ డొమైను అమ్మకానికి ఉంది" అని వచ్చే తర్వాతి ప్రతిని కాదు. చాలా వికీల్లో ఇంటర్నెట్ ఆర్కైవ్ బాట్ అనే ప్రోగ్రాము ఈ పని తనంతట తానే చేస్తూ ఉంటుంది, కానీ ఆర్కైవులో అసలు ప్రతే లేకపోతే అదీ ఏమీ చెయ్యలేదు.

చచ్చిన డొమైను విషయంలో ఇంకో ప్రమాదం, దాన్ని ఇంకెవరో కొనుక్కుని జూదం సైటో ఇంకేదో పెట్టేస్తారు. లింకు నొక్కితే పేజీ తెరుచుకుంటుంది కాబట్టి బాట్లకు అది బతికున్న లింకులాగే కనిపించవచ్చు. మనిషి నొక్కి చూడాల్సిందే. మీరు శ్రద్ధగా చూసే వ్యాసాలు కొన్ని ఎంచుకుని, వాటి లింకులన్నీ అప్పుడప్పుడూ నొక్కి చూడండి.

పాత తెలుగు పేజీల ఆర్కైవు ప్రతి తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపించడం మామూలే. ఒకప్పుడు మన పత్రికల సైట్లు అన్ని కంప్యూటర్లలోనూ అక్షరాలు ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాకుండా ఎవరి ఫాంటు వాళ్ళు వాడేవి. ఆ రోజుల్లో వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి పద్మ అనే ఉపకరణం ఉండేది. దాన్ని తయారుచేసిన వెన్న నాగార్జునే తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినదీ. అలాంటి ప్రతిని బయటి లింకుల్లో ఉంచి లాభం లేదు, తెరిచినవాడు చదవలేడు.

ప్రతీ దొరకలేదు, సైటు కొత్త చిరునామా కూడా వెతికినా దొరకలేదు, అప్పుడు ఏం చెయ్యాలన్నది ఆ లింకు ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది. బయటి లింకుల్లో ఉంటే తీసేయండి, సారాంశంలో "చచ్చిన లింకు, ఆర్కైవులో లేదు" అని రాయండి. అదే మూలాల్లో ఉంటే మాత్రం తీయకండి. పత్రిక పేరు, తేదీ, రచయిత పేరు ఉన్నంతవరకు, పేజీ జాలంలో లేకపోయినా ఆ సంచిక ఏదో లైబ్రరీలో ఉంటుంది, ఆ వాక్యానికి అదే ఆధారం. పనిచెయ్యని లింకు అని చెప్పే మూస పక్కన తగిలించి, ఆ వివరాల్లో ఏవైనా లోటు ఉంటే పూరించి వదిలేయండి.